హెడ్‌లైట్ వెలుగు ఎక్కడ పోతోంది?

పోయిన ఏడాది ఏప్రిల్ చివర్లో ఊరికి బయల్దేరాం. కరీంనగర్ దాటి జగిత్యాల రోడ్డెక్కేసరికి రాత్రి పదవుతోంది. పక్క సీట్లో బాపు, వెనక అమ్మ, నా భార్య, పాప. గంగాధర దాటాక ఎదురుగా ఒక లారీ వచ్చి పోయింది. అది పోయాక రెండు మూడు సెకన్ల పాటు నాకు రోడ్డంతా నల్లగానే ఉంది. అప్పుడే బాపు నా మోచెయ్యి పట్టుకుని "ఆపు ఆపు, వడ్ల కుప్ప రా!" అని అరిచాడు. గట్టిగా బ్రేకు తొక్కాను. బండి ఆగేసరికి మా ముందు మూడు గజాల దూరంలో నల్ల పట్టా కప్పిన వడ్ల కుప్ప ఉంది. సగం రోడ్డు మీదికి పోసి, పట్టా ఎగిరిపోకుండా చుట్టూ తలకాయంత రాళ్ళు పెట్టారు.

బాపుకు డెబ్బై ఏళ్ళు. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. అయినా ఆయనకు ముందు తెలిసింది, నాకు తెలియలేదు. యాసంగి కోతలప్పుడు రోడ్డు పక్కన నల్లగా ఏదైనా కనిపిస్తే అది ఏమై ఉంటుందో ఏళ్ళ తరబడి వడ్లు ఆరబోసిన ఆయనకు వేరే చెప్పక్కర్లేదు. ఆ రైతును నేను ఒక్క మాట అనలేను. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే వడ్లు తీసుకోరు. కల్లాలు సరిపోవు. ఆరబోయడానికి ఊరి మొత్తంలో గట్టి నేల అంటే ఆ తారురోడ్డే. కుప్ప అక్కడ ఉండకూడదన్నది నిజమే, కానీ నా బండి లైటు దాన్ని నాకు చూపించి ఉండాల్సింది.

అప్పుడు నా వేగం అరవై. ఆ వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఏదో ఉందని గుర్తుపట్టి కాలు బ్రేకు మీదికి చేరేసరికే 25 మీటర్లు అయిపోతాయి. ఆగడానికి ఇంకో ఇరవై పైన కావాలి. అంటే కనీసం 50 మీటర్ల దాకా రోడ్డు స్పష్టంగా కనబడితేనే ఆ వేగంలో పోవడానికి నాకు హక్కుంది. ఆ రాత్రి నాకు అందులో సగం కూడా కనబడలేదు.

మూడో రోజు హైదరాబాద్‌కు తిరిగి వస్తుంటే ఇంకో విచిత్రం. డిక్కీలో రెండు బియ్యం బస్తాలు, పచ్చడి జాడీలు. ఎదురొచ్చే ప్రతి బండీ లైటు దించమన్నట్టు నాకు డిప్పర్ కొడుతోంది. నేను ఒక్కసారి కూడా అప్పర్, అంటే దూరం పోయే పై వెలుగు, వేయలేదు. నా ముందు రోడ్డేమో సరిగ్గా కనబడదు, ఎదుటివాళ్ళకేమో నా లైటు కళ్ళలో కొడుతోంది. ఈ రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయి? ఈ ప్రశ్న దగ్గర నేను అప్పుడే ఆగి ఆలోచించి ఉంటే తర్వాతి తప్పు జరిగేది కాదు.

నేను నేరుగా కార్ల సామాన్లు అమ్మే షాపుకు పోయాను. "లైట్లు డల్‌గా ఉన్నాయి అన్నా" అన్నాను. ఆయన బానెట్ కూడా తెరవలేదు. "హాలోజన్ ఇంకెవరు వాడుతున్నరు సార్, ఎల్‌ఈడీ వేసుకోండి, పగటి లెక్క ఉంటది" అన్నాడు. పది నిమిషాల్లో పాత బల్బులు తీసి కొత్తవి పెట్టేశారు. సెల్లార్‌లో గోడ మీద వెలుగు చూసి నేనూ సంతోషించాను.

రోడ్డు మీద ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. బండి ముందు పదిహేను, ఇరవై మీటర్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండేది. దాని అవతల మాత్రం మునుపటికంటే చీకటిగా తోచేది. ఇది భ్రమ కాదు. దగ్గర్లో వెలుగు మరీ ఎక్కువైతే కన్ను దానికి తగ్గట్టు సర్దుకుంటుంది, దూరంగా ఉన్న సన్నటి వెలుగు దానికి ఆనదు. డ్రైవరుకు వెలుగు కావాల్సింది బండి మూతి ముందు కాదు, 50 మీటర్ల అవతల.

ఒక రాత్రి శామీర్‌పేట దగ్గర ఎదురుగా వస్తున్న బైకాయన చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, తడబడి, రోడ్డు దిగి మట్టిలో ఆగిపోయాడు. వెనక ఒకామె కూర్చుంది, ఆమె ఒళ్ళో చిన్న పిల్ల. వాళ్ళు పడలేదు. నేను వాళ్ళను దాటి వచ్చేశాను, కానీ ఆ చెయ్యి అడ్డం పెట్టుకున్న మనిషి నా కళ్ళ ముందు నుంచి పోలేదు. గంగాధర దగ్గర లారీ పోయాక నాకు కమ్మిన చీకటినే నేను అతనికి ఇచ్చాను. ఇంటికి రాగానే టార్చి పట్టుకుని ఆ ఎల్‌ఈడీలు పీకేసి, పాత బల్బులు మళ్ళీ బిగించాను.

ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. హెడ్‌లైట్ మసకగా ఉందంటే మనం ముందే బల్బు మీద నేరం మోపుతాం. చాలా బండ్లలో బల్బు చేయాల్సినంత పని చేస్తూనే ఉంటుంది. దానికి అందాల్సిన కరెంటు దారిలో పోతుంది, లేదా అది ఇచ్చిన వెలుగు హెడ్‌లైట్ అద్దం దగ్గర పోతుంది, లేదా రోడ్డు మీద పడాల్సింది చెట్ల మీద పడుతుంది. ఎక్కడ పోతోందో కనుక్కోకుండా ఇంకా పెద్ద వెలుగు తెచ్చి పెడితే, దాని బాధ ఎదురుగా వచ్చేవాడు మోస్తాడు.

ఎల్‌ఈడీ చెడ్డదని నేను అనడం లేదు. కంపెనీ నుంచే ఎల్‌ఈడీ దీపంతో వచ్చిన కారులో బల్బు వెలుగును రోడ్డు మీదికి మళ్ళించే రిఫ్లెక్టర్, లెన్సు అన్నీ దానికోసమే గీసి చేసినవి. మా బండిలో ఉన్నది హెచ్-4 హాలోజన్ దీపం. చాలా ఏళ్ళు మన చిన్న కార్లన్నిటిలో ఎక్కువగా కనిపించింది ఇదే. ఆ బల్బులో రెండు ఫిలమెంట్లు, అంటే వేడెక్కి వెలిగే సన్నటి తీగలు, ఉంటాయి. డిప్పర్‌కు, అంటే కిందికి వంచిన మామూలు వెలుగుకు, 55 వాట్లది, అప్పర్‌కు 60 వాట్లది. డిప్పర్ ఫిలమెంటు కింద దోసిలి పట్టినట్టు చిన్న లోహపు రేకు ఉంటుంది. కిందికి పోయే వెలుగును ఆ రేకు ఆపేస్తుంది. మిగిలినది రిఫ్లెక్టర్ పైభాగానికి తగిలి రోడ్డు మీదికి దిగుతుంది. ఫిలమెంటు ఉండాల్సిన చోటు మిల్లీమీటరులో కొంత భాగం తేడా వచ్చినా గోడ మీద వెలుగు గీత చెదిరిపోతుంది. అలాంటి చోట రెండు వైపులా చిప్పులు అంటించిన పలక పెడితే వెలుగు ఎక్కువే వస్తుంది, కానీ అది ఎటు పోవాలో రిఫ్లెక్టర్‌కు తెలియదు. 55 వాట్ల చోట 100 వాట్ల హాలోజన్ వేయించేవాళ్ళూ ఉన్నారు. అది ఇంకా ప్రమాదం. దాదాపు రెండింతల కరెంటు అదే సన్నటి వైరులో పారి హోల్డర్ కరిగిపోతుంది, స్విచ్చి మాడిపోతుంది.

ఒక ఆదివారం పొద్దుపోయాక సెల్లార్‌లో బండిని గోడకు ఎదురుగా నిలబెట్టాను. గోడ మీద రెండు మరకలు పడ్డాయి. ఎడమది కొంచెం తెల్లగా, కుడిది పసుపుగా, పైగా ఎడమదానికంటే జానెడు ఎత్తులో. రెండు లైట్లు రెండు రకాలుగా ఉంటే బాధపడక్కర్లేదు, వెతికేవాడికి అది మంచిదే. బాగున్న వైపు పక్కనే ఉంటుంది, దానితో పోల్చి చూసుకోవచ్చు. రెండూ ఒకేలా మసకబారితే కారణం ఉమ్మడి దారిలో ఉంటుంది, అంటే బ్యాటరీ, ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్, స్విచ్చి, లేదా ఏళ్ళు మీదపడిన అద్దాలు. ఒకటే మసకబారితే ఆ పక్కనే వెతకాలి.

ముందుగా ఎడమ బల్బు కుడికి, కుడి బల్బు ఎడమకు మార్చాను. గాజుకు వేలు తగలకుండా గుడ్డతో పట్టుకోవాలి. చేతి జిడ్డు అంటితే అక్కడ వేడి పట్టి బల్బు తొందరగా పోతుంది. మార్చాక కూడా మసక కుడివైపే ఉండిపోయింది. అంటే బల్బుది తప్పు కాదు. మసక గనక బల్బుతో పాటు ఎడమకు పోయి ఉంటే, రెండు మంచి హాలోజన్ బల్బులు జతగా కొని కథ ముగించేవాణ్ణి.

ఆ తర్వాత వోల్టులు కొలిచే మల్టీమీటర్. మూడు నాలుగు వందల్లో వచ్చే మామూలుది చాలు. 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, డిప్పర్ వేసి కొలిచాను. బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు. ఎడమ బల్బు పిన్నుల దగ్గర 12.9. కుడి బల్బు దగ్గర 11.6.

ఇక్కడ చాలామంది ఎలక్ట్రీషియన్లు కూడా ఒక పొరపాటు చేస్తారు. బల్బు పీకేసి ఖాళీ హోల్డర్‌లో కొలుస్తారు. అప్పుడు మీటరు 14 చూపిస్తుంది, "కరెంటు ఫుల్లుగా వస్తోంది సార్" అంటారు. బోరు పైపు కొస మూసిపెట్టి చూస్తే లోపల ఎంత చెత్త అడ్డం పడినా ఒత్తిడి పూర్తిగానే ఉంటుంది. వదిలితేనే ధార ఎంతో తెలుస్తుంది. బల్బు వెలుగుతుండగా, హోల్డర్ వెనక నుంచి వైరు పక్కగా సన్నటి సూది దూర్చి కొలవాలి.

14లో రెండు వోల్టులు పోతే ఏమంత అనిపిస్తుంది. హాలోజన్ లెక్క వేరు. వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది. ఫిలమెంటు వేడి తగ్గేకొద్దీ వెలుగు అంతకంటే వేగంగా పడిపోయి పసుపు రంగుకు దిగుతుంది. ఎడమ 12.9కి, కుడి 11.6కి తేడా సరిగ్గా పది శాతమే. గోడ మీద నాకు కనిపించిన పసుపు మరక ఆ పది శాతమే.

పోయిన వోల్టులు ఏ ముక్కలో పోయాయో కూడా మీటరే చెబుతుంది. నల్ల తీగ బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్ర తీగ బల్బు ఎర్త్ పిన్ను మీద, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి పోయే పిన్ను మీద, పెట్టి లైటు వేయాలి. బాగున్న బండిలో సున్నాకు దగ్గరగా, 0.1 లేదా 0.2 చూపించాలి. మా కుడివైపు 1.1 చూపించింది. కొన్ని మోడళ్ళలో స్విచ్చి ఎర్త్ వైపే ఉంటుంది, ఆ బండ్లలో ఏ పిన్ను ఏదో ముందు చూసుకోవాలి. ఎర్త్ పూర్తిగా తెగిపోతే ఇంకో గుర్తు ఉంటుంది. డిప్పర్ కరెంటు దారి దొరక్క అప్పర్ ఫిలమెంటు గుండా తిరిగి పోతుంది, రెండూ సన్నగా ఎర్రగా వెలుగుతాయి, డ్యాష్‌బోర్డులో నీలం గుర్తు కూడా మినుకుతుంది. మాది అంతదూరం పోలేదు.

ఎర్త్ వైరు వెంట పోతే అది ముందు టైరు మీది రేకు (ఫెండర్) లోపల బాడీకి బిగించిన బోల్టు దగ్గర ఆగింది. అది విప్పగానే విషయం అర్థమైంది. రెండేళ్ళ కింద ఒక ఆటో తగిలి కుడివైపు నొక్కుకుపోతే డెంటింగ్, పెయింటింగ్ చేయించాం. రంగు కొట్టినవాళ్ళు బోల్టు కూర్చునే చోటు మీద కూడా రంగు కొట్టి, ఆ రంగు మీదే ఎర్త్ రింగు బిగించేశారు. బోల్టు మరల గుండా పోయినంత కరెంటే పోతోంది. దానికి తోడు రింగుకు పచ్చగా చిలుము పట్టింది. వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) మెరిసే రేకు కనబడేదాకా గీకి, రింగు తుడిచి, బిగించి, పైన కొంచెం గ్రీజు రాశాను. అరగంట పని. ఖర్చు లేదు. మళ్ళీ కొలిస్తే 1.1 ఉన్నది 0.1కి వచ్చింది. కుడి బల్బుకు 12.5 అందింది. గోడ మీద పసుపు మరక తెల్లబడటం చూస్తూ నేను కాసేపు అలాగే నిలబడ్డాను. ఈ చిన్న రంగు పొర కోసం నేను ఎదుటివాళ్ళ కళ్ళలోకి అంత వెలుగు కొట్టాను కదా అనిపించి బాధేసింది.

మిగిలిన నష్టం రెండు వైపులా ఉమ్మడిగా ఉంది. పాత చిన్నకార్లు చాలావాటిలో హెడ్‌లైట్ కరెంటు మొత్తం బ్యాటరీ నుంచి స్టీరింగ్ పక్క స్విచ్చి దాకా వచ్చి, మళ్ళీ ముందుకు పోతుంది. అంత పొడవు సన్నటి వైరు, పాతబడిన స్విచ్చి కొసలు. ప్రతిచోటా కొంచెం కొంచెం పోతుంది. దీనికి మందు రిలే, అంటే కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును వేసే స్విచ్చి. స్విచ్చి రిలేను కదిలిస్తే చాలు, అసలు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా, 2.5 చదరపు మిల్లీమీటర్ల మందం వైరులో బల్బుకు పోతుంది. రెడీమేడ్ రిలే కిట్లు దొరుకుతాయి. బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పక ఉండాలి, అది లేని కిట్టు ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. మా వీధి చివర ఆటో ఎలక్ట్రీషియన్ తమ్ముడితో వేయించాను. ఇప్పుడు రెండు వైపులా 13.7 అందుతోంది. 11.6 నుంచి 13.7 అంటే కుడి లైటుకు మొదట ఉన్నదాని మీద ముప్పావు వంతు వెలుగు పెరిగినట్టు, అదీ అదే పాత 55 వాట్ల బల్బుతో. ఎక్కువ వోల్టేజికి బల్బు ఆయుష్షు కొంత తగ్గుతుంది, అది నాకు సమ్మతమే. లైట్లను కంప్యూటరు నడిపే కొత్త బండ్లలో మాత్రం ఈ రిలే జోలికి పోకూడదు.

అద్దాలు పసుపుబారడం అందరికీ కనబడేదే. ఇప్పటి హెడ్‌లైట్ అద్దం గాజు కాదు, పాలికార్బనేట్. దాని మీద ఎండను ఆపే పూత ఉంటుంది, మన ఎండలకు ఆ పూత అరిగిపోయి అడుగు పసుపుబారుతుంది. పేస్టు పెట్టి రుద్దితే నెల మెరుస్తుంది, తర్వాత మునుపటికంటే త్వరగా మసకబారుతుంది, ఎందుకంటే మిగిలిన పూత కూడా పోతుంది. నీళ్ళు చల్లుతూ 800, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్లతో వరసగా రుద్ది, పాలిష్ పట్టి, ఆపైన యూవీ క్లియర్ కోటు వేయాలి. ఆ చివరి పూత వేయకపోతే చేసిన పనంతా వృథా. లోపలి రిఫ్లెక్టర్ మెరుపు పూత పోయి నల్లబడితే మాత్రం దీపం మొత్తం మార్చాల్సిందే.

ఇంకా ఆ జానెడు ఎత్తు సంగతి ఉంది. ఎదుటివాళ్ళు డిప్పర్ కొట్టింది దానికే. డెంటింగ్‌కు దీపం విప్పినవాళ్ళు మళ్ళీ బిగించేటప్పుడు ఎత్తు సరిచూడలేదు. అంటే కుడి లైటు మసకగా ఉండటమే కాదు, ఉన్న కాస్త వెలుగు కూడా ఎదుటివాడి ముఖం వైపు పోతోంది. పైగా డిక్కీలో బియ్యం బస్తాలు పెట్టేసరికి వెనక భాగం కుంగి ముందు లేచింది. స్టీరింగ్ దగ్గర 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం దీనికోసమే ఉంది. బరువు పెరిగేకొద్దీ అంకె పెంచాలి, వెలుగు కిందికి దిగుతుంది. పదేళ్ళకు పైగా నడిపిన బండిలో దాన్ని నేను ఒక్కసారి కూడా తిప్పలేదు.

సరిచేయడం కష్టం కాదు. టైర్లలో గాలి సరిగ్గా పెట్టి, డ్రైవరు సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, చక్రం 0 మీద ఉంచి, సమంగా ఉన్న నేల మీద గోడకు 7.5 మీటర్ల దూరంలో నిలబెట్టాలి. దీపం మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తో కొలిచి, గోడ మీద అంతకంటే 7.5 సెంటీమీటర్లు కిందికి టేపు అంటించాలి. అంటే నూటికి ఒకటి చొప్పున వాలు. చాలా దీపాల మీద ఆ శాతం అచ్చువేసి ఉంటుంది, ఉంటే అదే పాటించాలి. డిప్పర్ పై అంచు టేపు మీద కూర్చునేదాకా దీపం వెనక మరను తిప్పాలి. మనం ఎడమవైపు నడుస్తాం కాబట్టి గీత ఎడమ చివర కొంచెం పైకి లేస్తుంది. అది తప్పు కాదు, రోడ్డు పక్క నడిచేవాళ్ళనూ వడ్ల కుప్పలనూ చూపించేది ఆ లేచిన ముక్కే.

చట్టం ఈ మాట ఎప్పుడో చెప్పింది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది, ఎదుటివాళ్ళ కళ్ళు చెదరకుండా ముందు లైట్ల వెలుగు కిందికి వంచి ఉండాలంటుంది. చూసేవాళ్ళెవరు? సొంత కారుకు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు. అప్పటిదాకా ఫిట్‌నెస్ పరీక్ష లేదు. పొగ సర్టిఫికెట్‌కు పోతే పొగ గొట్టం చూస్తారు, లైట్ల వైపు తలెత్తి చూడరు. ఒకప్పుడు పోలీసులు బండ్లు ఆపి హెడ్‌లైట్లకు నల్లరంగు పూయించేవాళ్ళు. ఆ పద్ధతి అంత మంచిదేమీ కాదు, కానీ ఎదుటివాడి కళ్ళ గురించి ఎవరో ఒకరు పట్టించుకుంటున్నారని అది తెలిపేది. పొగ పరీక్ష చేసే బండి పక్కనే ఒక గోడ, ఒక టేపు, ఒక స్క్రూడ్రైవరు పెట్టడం పెద్ద ఖర్చు కాదు. అది తప్పనిసరి చేయాలని నా గట్టి కోరిక.

"అందరూ ఎల్‌ఈడీలు వేసుకుని మన కళ్ళలో కొడుతుంటే మనం ఒక్కళ్ళం హాలోజన్‌తో ఎలా పోతాం?" అని నా స్నేహితులు అడుగుతారు. కోపం నాకూ అర్థమవుతుంది. కానీ నా లైటు ఎంత పెంచినా నా కళ్ళలో పడే వెలుగు తగ్గదు. అది ఎదుటి బండిది. నేను చేయగలిగిందల్లా డ్రైవరు ముందున్న పెద్ద అద్దం లోపలి వైపు పేరుకునే జిడ్డు పొరను వారానికోసారి తుడవడం, కళ్ళజోడు నంబరు చూపించుకోవడం, ఎదురుగా బండి వస్తే చూపు ఎడమ అంచు తెల్లగీత మీదికి తిప్పి వేగం తగ్గించడం. ఈ మూడూ చేశాక నాకు రాత్రి ప్రయాణం టెన్షన్ చాలావరకు పోయింది.

పీకేసిన ఎల్‌ఈడీలు ఇంట్లో డబ్బాలోనే ఉన్నాయి. షాపాయన వాపసు తీసుకోనన్నాడు. మొన్న మా బామ్మర్ది ఫోన్ చేసి, "బావా, నా బండి లైట్లు డల్ అయినయి, ఆ బల్బులు నీకు ఊరికే ఉన్నయి కదా, ఇయ్యరాదు" అన్నాడు. ఇవ్వనన్నాను. ఆదివారం బండి తీసుకుని రమ్మన్నాను. వచ్చాడు. గోడకు ఎదురుగా పెట్టి, మీటరు పెట్టి చూశాం. రెండు వైపులా 13.4 ఉంది, ఎర్త్ బాగుంది, ఎత్తు బాగుంది. అద్దాలు మాత్రం మజ్జిగ పోసినట్టు తెల్లబారి ఉన్నాయి. బకెట్లో నీళ్ళు పట్టుకొచ్చి, 800 నంబరు వాటర్ పేపర్ చింపి సగం అతనికిచ్చాను. కుడిది అతను, ఎడమది నేను రుద్దడం మొదలుపెట్టాం.